మన పిల్లలకి లెక్కలు వచ్చు, రాత లెక్కని బొమ్మ గీసి చదవడమే ఎవరూ నేర్పట్లేదు

పోస్టు పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. తప్పనిపిస్తే కింద కామెంట్లో తిట్టండి, పర్లేదు. చదవకుండా లైక్ కొట్టి వెళ్ళిపోవద్దు.

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ ఒకే మాట వింటున్నాం. "ఏజెన్సీ పిల్లలు లెక్కల్లో వీక్." బయటివాళ్ళు అంటే ఒక లెక్క. ఇప్పుడు మనవాళ్ళే అంటున్నారు. ఇంటర్లో చేరేటప్పుడు "ఎంపీసీ మనకెందుకురా, హెచ్‌ఈసీ తీసేసుకో, పాసైపోతావు" అని చెప్పేది ఎవరు? మన సీనియర్లే. నాకూ ఒక మాస్టారు అదే చెప్పారు. "మీ వాళ్ళకి లెక్కలు ఎక్కవు నాన్నా" అన్నారు. కోపంగా కూడా అనలేదు, జాలిగా అన్నారు. నాకు అదే ఎక్కువ మండింది.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్తా. మన పిల్లలకి లెక్క చెయ్యడం వచ్చు. ఆ లెక్కని నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చినప్పుడు ఆగిపోతున్నారు. పుస్తకంలో వీటిని పద సమస్యలు అంటారు, మనం రాత లెక్కలు అంటాం. రాత లెక్కని ముందు బొమ్మగా గీసుకోవడం నేర్పితే ఆ ఆగిపోవడం చాలావరకు తగ్గుతుంది. అది నేర్పకుండా "కీ వర్డ్ చూడు, గుర్తు పెట్టు" అనే చిట్కా నేర్పుతున్నారు. ఆ చిట్కాయే పిల్లల్ని ముంచుతోంది.

సంతలో వచ్చిన లెక్క బడిలో ఎక్కడికి పోతోంది?

వారపు సంతలో మన పదేళ్ళ పిల్లని చూడండి. అమ్మ పక్కన కూర్చుని చింతపండు అమ్ముతుంది. రెండున్నర కిలోలకి ఎంత, ఐదొందల నోటుకి చిల్లర ఎంత, అంతా నోటితోనే చెప్పేస్తుంది. షావుకారు తూకంలో ఏదైనా చేస్తే కనిపెడుతుంది కూడా. సోలలు, తవ్వలు, మానికలు, కుంచాలతో గింజలు కొలిచే ఇళ్ళు మనవి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. అంటే సోల కుంచంలో పదహారో వంతు. భిన్నాలు అంటే ఇంకేంటి? మన అవ్వలు బడి మెట్టు ఎక్కకుండానే భిన్నాలు వాడారు.

అదే పిల్ల సోమవారం బడిలో రాత లెక్క ముందు పెడితే బిక్కమొహం వేస్తుంది. దీన్ని తెలివి తక్కువ అంటారా?

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. బ్రెజిల్‌లో రెసిఫె అనే నగరంలో బజారులో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లల్ని ముగ్గురు పరిశోధకులు పరీక్షించారు. 1985లో అచ్చయింది. బేరం మధ్యలో అడిగిన లెక్కలకి పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. తర్వాత అలాంటి లెక్కల్నే చిన్న కథల్లా పెట్టి అడిగితే 74 శాతం. కథ లేకుండా ఉత్త అంకెలూ గుర్తులూ ఇస్తే 37 శాతం. మన దేశంలో కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పెద్ద పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. చేసినవాళ్ళలో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. అక్కడా అదే తేలింది. బజారులో చకచకా లెక్క కట్టే పిల్లలు బడి లెక్క దగ్గర తడబడ్డారు. ఇంకో సంగతి కూడా తేలింది. బడిలో లెక్కలు చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. మరి వాళ్ళని ఎవరైనా "వీక్" అన్నారా?

బ్రెజిల్ లెక్కలో ఒక విషయం గమనించండి. కథగా ఇస్తే ఉత్త అంకెల కంటే బాగా చేశారు. ఎందుకంటే కథ వాళ్ళ భాషలో ఉంది. మన దగ్గర కథే గోడ అయిపోతోంది. ఇంట్లో కువి, కోయ, గోండి, కొలామి, సవర, ఆదివాసీ ఒడియా. బడిలో పుస్తకం తెలుగు. ఇప్పుడు ఆంధ్రాలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్ల ముందు ఇంగ్లీషు దాటాలి, తర్వాత పుస్తకం తెలుగు దాటాలి, అప్పుడు లెక్క దగ్గరికి రావాలి. మైదానం పిల్ల ఒక గెడ్డ దాటితే మన పిల్ల మూడు దాటాలి. అందరికీ టైము మాత్రం ఒకటే.

కీ వర్డ్ అనే మోసం

చాలా బడుల్లో గోడ మీద ఒక చార్టు ఉంటుంది. "మొత్తం, కలిసి, ఎక్కువ అంటే కూడిక. మిగిలింది, తక్కువ, భేదం అంటే తీసివేత. పంచితే భాగహారం." పిల్లలు దీన్ని పద్యంలా వల్లిస్తారు. ఇక వాక్యం చదవరు. రెండు అంకెలు, ఒక మాట వెతుక్కుంటారు, గుర్తు పెడతారు, అయిపోయింది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి.

లక్ష్మి 24 అడ్డాకుల కట్టలు కట్టింది. సోమి కట్టినవాటి కంటే ఇవి 6 ఎక్కువ. సోమి ఎన్ని కట్టలు కట్టింది?

"ఎక్కువ" కనిపించింది కాబట్టి 24కి 6 కలుపుతారు, 30 అంటారు. తప్పు. సోమి కట్టినవి 18. చార్టు చెప్పింది చెప్పినట్టు చేసిన పిల్లకి సున్నా వచ్చింది. తప్పు పిల్లదా, చార్టుదా?

ఇందులో అసలు చిక్కు "కంటే" అనే చిన్న మాటలో ఉంది. ఎవరి కంటే ఎవరికి ఎక్కువ? తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లలే ఇక్కడ జారిపోతారు. ఇంకో భాష నుంచి వచ్చిన పిల్ల జారితే వింతేముంది?

గుడ్డిగా గుర్తు పెట్టే అలవాటు ఎంతదాకా పోతుందో ఫ్రాన్స్‌లో చూశారు. 1980 ప్రాంతంలో గ్రెనోబుల్ అనే ఊళ్ళో చిన్న తరగతుల పిల్లల్ని ఇలా అడిగారు. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" ఎక్కువమంది పిల్లలు రెండూ కలిపి 36 అని రాసేశారు. గొర్రెలకీ వయసుకీ ఏం సంబంధం అని అడగలేదు. వాళ్ళ ఇంటి భాషా బడి భాషా ఒకటే, కొండ దిగి రావాల్సిన పని లేదు, అయినా అలా చేశారు. అంటే రోగం మన రక్తంలో లేదు, నేర్పే తీరులో ఉంది. మనకి భాష కూడా తోడై రోగం ముదిరింది, అంతే.

బొమ్మ అంటే ఏ బొమ్మ?

పుస్తకంలో లెక్క పక్కన రంగు రంగుల మామిడిపళ్ళ బొమ్మ ఉంటుంది చూడండి, నేను దాని గురించి చెప్పట్లేదు. అది అలంకారం. అడ్డాకులు అందంగా గీస్తే లెక్క తెగదు. ఎంత ఉంది, ఏది పెద్దది, ఏది చిన్నది, ఏది తెలియదు అన్నది చూపించే బొమ్మ కావాలి. రెండు పొడుగు పట్టీలు గీస్తే చాలు. బార్ మోడల్ అంటారు. నేను పట్టీ బొమ్మ అంటా.

లక్ష్మి ■■■■■■■■■■■■ 24
సోమి ■■■■■■■■■ ?

లక్ష్మి పట్టీ 6 పొడుగు. సోమి పట్టీ పొట్టి. ఇది చూశాక ఏ పిల్లా 30 అనదు, పొట్టి పట్టీ పొడుగు పట్టీ కంటే పెద్దది ఎలా అవుతుంది? "కంటే" అనే మాట చేసిన గందరగోళం కంటి ముందు తేలిపోయింది. పట్టీకి తెలుగూ లేదు, కువీ లేదు, ఇంగ్లీషూ లేదు.

ఇంకొకటి. ఒక రైతు మిరియాల్లో 3/5 వంతు సంతలో అమ్మాడు. ఇంకా 12 కిలోలు మిగిలాయి. మొదట ఎన్ని కిలోలు ఉన్నాయి? "మిగిలాయి" ఉంది కదా అని 12లోంచి ఏం తీసెయ్యాలో తెలియక పిల్లలు పెన్ను కొరుకుతారు. పట్టీ గీయించండి.

[అమ్మినది][అమ్మినది][అమ్మినది][మిగిలింది][మిగిలింది]

ఐదు ముక్కలు. మిగిలిన రెండు ముక్కలు 12 కిలోలు. ఒక ముక్క 6. ఐదు ముక్కలు 30. భిన్నాన్ని తలకిందులు చేసి గుణించడం లాంటి మంత్రం ఏదీ అక్కర్లేదు. కుంచంలో సోలలు లెక్కపెట్టే చూపే ఇక్కడ సరిపోతుంది.

"ఇదంతా చిన్నపిల్లల ఆట, హైస్కూల్లో పనికిరాదు" అనేవాళ్ళకి ఇది. అక్కా తమ్ముడూ కలిసి 50 కిలోల కాఫీ పళ్ళు కోశారు. అక్క తమ్ముడి కంటే 10 కిలోలు ఎక్కువ కోసింది. ఎవరెంత? తమ్ముడికి ఒక పట్టీ. అక్కకి అంతే పట్టీ, దానికి చివర 10 ముక్క. మొత్తం 50. ఆ 10 పక్కన పెడితే రెండు సమాన పట్టీలు 40. తమ్ముడు 20, అక్క 30. ఇప్పుడు ఆ తమ్ముడి పట్టీ మీద ఎక్స్ అని రాయండి. ఎక్స్, ఎక్స్ ప్లస్ 10, రెండూ కలిపి 50. ఎనిమిదో తరగతిలో మనల్ని భయపెట్టిన బీజగణితం ఇదే. "ఎక్స్ అంటే ఏంటి సార్" అని అడిగి తిట్లు తిన్నవాళ్ళు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఎక్స్ అంటే పొడుగు ఇంకా తెలియని పట్టీ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఇది కొత్తగా పుట్టింది కాదు

జెరోమ్ బ్రూనర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలోనే చెప్పాడు. ఒక విషయం ముందు చేత్తో, తర్వాత బొమ్మతో, ఆ తర్వాత గుర్తులతో మనసుకి ఎక్కుతుందని. సింగపూర్ దీన్ని పట్టుకుంది. 1980ల మొదట్లో అక్కడి పాఠ్యప్రణాళిక సంస్థలో ఖో టెక్ హాంగ్ నడిపిన బృందం పట్టీ బొమ్మల్ని ప్రాథమిక బడి పుస్తకాల్లోకి తెచ్చింది. పిల్లలు రాత లెక్కల్లో వెనకబడి ఉన్నారనే తెచ్చింది. అక్కడ కూడా చాలామంది పిల్లల ఇంటి భాష వేరు. చైనీస్ భాషలు, మలయ్, తమిళం. బడి భాష ఇంగ్లీషు. 1995లో జరిగిన అంతర్జాతీయ గణిత పరీక్ష టిమ్స్‌లో సింగపూర్ నాలుగో తరగతిలోనూ ఎనిమిదో తరగతిలోనూ మొదటి స్థానంలో నిలిచింది. అంతా పట్టీ బొమ్మ వల్లే అని నేను అనను. టీచర్ల శిక్షణ, డబ్బు, పుస్తకాలు అన్నీ ఉన్నాయి. కానీ పిల్లలు తడబడినప్పుడు వాళ్ళు పుస్తకాన్ని మార్చారు. మన దగ్గర పుస్తకం అలాగే ఉంటుంది, పిల్లల గ్రూపు మారుస్తారు.

ఎదురు వచ్చే మాటలు

"సిలబస్ అవ్వాలి, బొమ్మలకి టైము లేదు." మరి ఐదో తరగతిలో చెప్పింది ఆరులో మళ్ళీ, ఆరులో చెప్పింది ఏడులో మళ్ళీ చెప్తున్నారు కదా, ఆ టైము ఎవరి ఖాతాలో రాస్తారు? అర్థం కాకుండా నడిచిన సిలబస్ అయిపోయినట్టు కాదు.

"పరీక్షలో బొమ్మకి మార్కులు ఉండవు." బొమ్మ వల్ల వచ్చే జవాబుకి ఉంటాయి. గురుకులం ఎంట్రన్స్‌కీ, తర్వాత కానిస్టేబుల్ పరీక్ష అర్థమెటిక్‌కీ ఇదే పట్టీ పనికొస్తుంది. చిత్తు కాగితం మీద గీసుకోవడానికి అర నిమిషం పడుతుంది.

మూడో మాట మన గ్రూపులోనే వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తా. "అసలు సమస్య మాతృభాష. నువ్వు బొమ్మలు చూపించి ఆ డిమాండ్‌ని పక్కదారి పట్టిస్తున్నావ్." లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఉండాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కువి, సవర లాంటి భాషల్లో పుస్తకాలు తెచ్చారు. అవి అన్ని బడులకీ, అన్ని తరగతులకీ ఎందుకు చేరలేదో అడుగుతూనే ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మన భాష తెలిసిన టీచరు తరగతిలో ఉండడం ఎంత అవసరమో రాత లెక్క దగ్గరే బాగా తెలుస్తుంది. ఆ పోరాటం ఆగకూడదు.

కానీ ఆ టీచరు వచ్చేదాకా మూడో తరగతి పిల్ల మూడో తరగతిలోనే ఆగి ఉండదు కదా. ఇప్పుడున్న టీచరుకి కువి రాదు. పిల్ల మాట ఆయనకి అర్థం కాదు. పిల్ల గీసిన పట్టీ మాత్రం అర్థమవుతుంది. సోమి పట్టీని పొడుగ్గా గీసిందంటే ఎక్కడ తిరగబడిందో ఆయనకి కనిపిస్తుంది. బొమ్మ భాషకి బదులు రాదు. భాష వచ్చేదాకా పిల్ల చేతికి ఒక ఊతకర్ర.

నాలుగోది నా సొంత భయం. ఈ పట్టీని కూడా చార్టు చేసేస్తారేమో. టీచరు బోర్డు మీద గీస్తాడు, పిల్లలు స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో నోటుబుక్కులోకి ఎత్తుకుంటారు. అలా అయితే దండగ. పిల్ల తనంతట తను గీయాలి, తప్పుగా గీయాలి, ఎందుకలా గీసిందో తన మాటల్లో చెప్పాలి. ప్రతి లెక్కకీ పట్టీయే అని కూడా పట్టుబట్టకూడదు. దూరం, కాలం లెక్కకి గీత బాగుంటుంది. వైశాల్యానికి గళ్ళు బాగుంటాయి.

ఎందుకింత మంట?

రాత లెక్క పరీక్షతో అయిపోదు. బ్యాంకు లోను కాగితం రాత లెక్కే. ఉపాధి హామీ కూలీ ఎంత పడాలి, ఎంత పడింది అన్నది రాత లెక్కే. కాఫీ పళ్ళు, పసుపు, మిరియాలు కొనేవాడు "ఇంత తరుగు తీసి, ఇంత అడ్వాన్సు పట్టుకుని, ఇదిగో మిగతా" అంటాడే, అదీ రాత లెక్కే. మన నాన్నలు నోటిలెక్కలో గట్టివాళ్ళు. అయినా కాగితం ముందుకొచ్చేసరికి వేలిముద్ర వేశారు. ఆ కాగితం మీద ఉన్న వాక్యాన్ని పట్టీగా గీసి "ఆగు, ఇక్కడ లెక్క తేడా ఉంది" అనే పిల్ల ప్రతి ఇంట్లో ఉంటే మన భూమీ మన పంటా ఇంత తేలిగ్గా చెయ్యి జారవు. నేను మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషిని. మీలో చాలామంది అంతే. ఈ పని ఇంకెవరో వచ్చి చెయ్యరు.

మనం చెయ్యగలిగింది

సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఐదుగురు పిల్లల్ని పోగెయ్యండి. రోజూ ఒక గంట చాలు. నేను పోయిన సెలవుల్లో మా ఊళ్ళో చేసిన వరస ఇది.

1. లెక్కని అంకెలు లేకుండా ముందు ఇంటి భాషలో కథగా చెప్పించండి. ఎవరు, ఏం చేశారు, ఏం తెలియాలి. కథ చెప్పలేకపోతే లెక్క ముట్టుకోవద్దు.

2. చింతగింజలతో కథని నేల మీద పేర్పించండి. చిన్న అంకెలతో మొదలుపెట్టండి.

3. గింజలు తీసేసి అదే పొడుగు పట్టీ మట్టి మీద పుల్లతో గీయించండి. పాత పేపరు ముక్కలు చింపినా చాలు. తెలియనిదానికి ప్రశ్న గుర్తు.

4. అప్పుడు మాత్రమే కూడాలా, తీసెయ్యాలా అని అడగండి. పట్టీ చూసి వాళ్ళే చెప్తారు.

5. జవాబు వచ్చాక "సోమికి ఇన్ని రావడం కుదురుతుందా?" అని తిరిగి అడగండి.

6. చివరికి వాళ్ళ చేతే ఒక లెక్క కట్టించండి. సంతదో, పొలందో. ఆ లెక్క పక్క పిల్ల చెయ్యాలి. ఇక్కడ చూడాలి వాళ్ళ మొహాలు.

మొదటి రెండు రోజులు గోలగోలగా ఉంటుంది. పిల్లలు మీ మొహం చూసి "కూడాలా అన్నా, తియ్యాలా అక్కా" అని అడుగుతారు. చెప్పొద్దు. "బొమ్మ ఏం చెప్తోంది?" అనండి. ఈ ఒక్క మాటే నేర్పాల్సింది.

దీంతో పాటు ఐటీడీఏలని మనం రాతపూర్వకంగా మూడు అడగాలి. ఆశ్రమ పాఠశాలల గోడల మీద కీ వర్డ్ చార్టులు తీసెయ్యాలి. టీచర్లకి పట్టీ బొమ్మల మీద శిక్షణ ఇవ్వాలి, అందులో మన భాష తెలిసిన ఊరి యువకులని కూడా కూర్చోబెట్టాలి. రాత లెక్కల్ని మన భాషల్లో, మన పంటలతో, మన కొలతలతో ఒక చిన్న పుస్తకంగా వెయ్యాలి. ఆ పుస్తకానికి లెక్కలు మన పిల్లలే కట్టగలరు. వినతిపత్రం నేను రాస్తా. మీ మండలం నుంచి సంతకాలు ఎవరు తెస్తారో కామెంట్లో పేరు పెట్టండి.

సెలవుల్లో పిల్లలు గీసిన పట్టీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. తప్పుగా గీసినవి ముందు పెట్టండి, మనం నేర్చుకునేది వాటి నుంచే. ఇక మీదట ఎవరైనా మీ ముందు "మీ వాళ్ళకి లెక్కలు రావు" అంటే గొడవ పడొద్దు. లక్ష్మి, సోమి లెక్క ఇచ్చి వాళ్ళనే చెయ్యమనండి. చాలామంది 30 అంటారు.

జోహార్.